నలభై దాటాక మొదటిసారి బిజినెస్ చదువు: మేనేజ్‌మెంట్ ముందా, ఫైనాన్స్ ముందా?

#1 కొత్తపలక

నమస్కారం అండీ. ఇరవై ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. వయసు నలభై నాలుగు. రెండు నెలల కిందట నన్ను వార్డు ఇన్‌ఛార్జిని చేశారు. రోగుల సంగతి, డ్యూటీ చార్టు సంగతి నాకు కొత్త కాదు. కొత్తదల్లా నెలకోసారి జరిగే బడ్జెట్ మీటింగు. మొన్న మా వార్డు పేరు పక్కన ఎర్ర రంగులో ఒక అంకె చూపించి "ఎందుకు దాటింది?" అని అడిగారు. నోట మాట రాలేదు. తప్పు మాదేనేమో అనుకుని తలొంచుకుని వచ్చేశాను. వేరియన్స్, డిప్రిసియేషన్, వర్కింగ్ క్యాపిటల్ అని చుట్టూ అందరూ మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం పెట్టిన ప్రారంభ స్థాయి కోర్సులు రెండు చూసుకున్నాను. ఒకటి మేనేజ్‌మెంట్ సూత్రాలు, రెండోది ఫైనాన్స్ పరిచయం. వారానికి ఐదారు గంటలు దొరుకుతాయి. అవి కూడా డ్యూటీ మారినప్పుడల్లా మారిపోతాయి. రెండూ ఒకేసారి చదవడం నా వల్ల కాదు. ఏది ముందు? బడి వదిలాక లెక్కల జోలికి వెళ్లలేదు, ఆ టెన్షన్ కూడా ఉంది.

#2 నిదానం

కొత్తపలక గారూ, నేను చాలా ఏళ్లుగా కొత్త సూపర్‌వైజర్లకు శిక్షణ ఇస్తున్నాను. నా సలహా మేనేజ్‌మెంట్ ముందు.

కారణం ఇదీ. నిన్నటిదాకా పని మీరు చేశారు, ఇవాళ్టి నుంచి చేయించాలి. ఈ మార్పు దగ్గరే చాలామంది తడబడతారు. మంచి నర్సు కాబట్టి ఇన్‌ఛార్జి అయ్యారు, కానీ కిందివాళ్లు ఆలస్యం చేస్తే ఆ పని తనే చేసేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి అలిసిపోతారు. కిందివాళ్లు నేర్చుకోరు, ఈవిడకు తీరిక దొరకదు.

మేనేజ్‌మెంట్ అంటే నోటిమాటల చదువని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. దాన్ని మొదట్లో ఒక పద్ధతిలో పెట్టినవాళ్లలో ఒకడైన హెన్రీ ఫేయోల్ గనుల ఇంజనీరు. దాదాపు మూడు దశాబ్దాలు ఒక పెద్ద గనుల కంపెనీని నడిపి, ఆ అనుభవాన్నే 1916లో ఫ్రెంచిలో రాశాడు. ప్రణాళిక వేయడం, మనుషుల్నీ వనరుల్నీ అమర్చడం, నడిపించడం, సమన్వయం చేయడం, అదుపు చూసుకోవడం అని ఐదు పనులు చెప్పాడు. ఇప్పటికీ ప్రారంభ కోర్సుల మొదటి పాఠాల్లో ఇవే కనిపిస్తాయి, పేర్లలో చిన్న తేడా ఉంటుందంతే. ఆయన చెప్పిన 14 సూత్రాల్లో ఒకటి, ఒక మనిషికి ఆజ్ఞ ఒక్కరి నుంచే రావాలని. మీ వార్డులో ఒకే నర్సుకు డాక్టరు ఒక మాట, మీరు ఒక మాట చెప్పిన రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. వందేళ్ల నాటి ఆ వాక్యం మీ కళ్లముందే ఉంటుంది.

#3 జమాఖర్చు

నిదానం గారి మాట మీద గౌరవం ఉంది. అయినా నేను ఫైనాన్స్ ముందు అంటాను. కామర్స్ బోధించి రిటైరయ్యాను. చివరి పన్నెండేళ్లు సాయంత్రం బ్యాచీలు, అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చేవాళ్లే. మనుషులతో ఎలా మెలగాలో వాళ్లకు ఎంతో కొంత తెలుసు, ఇరవై ఏళ్ల అనుభవం ఊరికే పోదు. తెలియనిది అంకెల భాష. దాన్ని మాత్రం అనుభవం దానంతటది నేర్పదు. మీటింగులో మీ నోరు కట్టేసిందీ అదే కదా.

లెక్కలంటే భయం అన్నారు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, శాతం. ప్రారంభ కోర్సుకు ఇంతకు మించి అక్కర్లేదు. మందు డోసు లెక్కగట్టే చేయికి ఇది చిన్న పని.

ఏ కోర్సులో చేరినా సరే, చేరకముందే కాగితం మీద ఒక లెక్క చేయండి. మొదటి క్లాసులో నేను ఎప్పుడూ చేయించేది ఇదే.

ఒకాయన 1,00,000 పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టాడు. మొదటి నెలలో 80,000 పెట్టి నగదుకు సరుకు కొన్నాడు. అందులో 60,000 ఖరీదు చేసే సరుకును 90,000కు అమ్మాడు, కానీ మొత్తం అరువు, డబ్బు రెండు నెలల తర్వాత వస్తుంది. అద్దె, జీతాలు కలిపి 15,000 చేతినుంచి ఇచ్చేశాడు.

లాభం ఎంత? అమ్మకం 90,000లో నుంచి అమ్మిన సరుకు ఖరీదు 60,000, ఖర్చులు 15,000 తీసేస్తే 15,000 లాభం. మొదటి నెలలోనే లాభం, ఇంట్లో అందరూ సంతోషిస్తారు.

ఇప్పుడు గల్లాపెట్టె తెరవండి. 1,00,000లో 80,000 సరుకుకు పోయింది, 15,000 ఖర్చులకు పోయింది, మిగిలింది 5,000. వచ్చే నెల మళ్లీ 15,000 అద్దె, జీతాలు ఇవ్వాలి. ఎక్కడి నుంచి తెస్తాడు?

లాభం వచ్చింది, డబ్బు లేదు. రెండూ నిజమే. అమ్మకం జరిగిన రోజే ఆదాయం రాసుకోవాలి, డబ్బు చేతికొచ్చిన రోజు కాదు. దీన్నే అక్రూవల్ పద్ధతి అంటారు. లాభనష్టాల ఖాతా ఒక కథ చెబితే నగదు ప్రవాహ పట్టీ ఇంకో కథ చెబుతుంది. ఈ రెంటినీ కలిపి చూపించేది ఆస్తి అప్పుల పట్టీ, అదే బ్యాలెన్స్ షీట్. నగదు 5,000, రావలసిన బాకీ 90,000, మిగిలిన సరుకు 20,000, మొత్తం 1,15,000. ఎదురుగా పెట్టుబడి 1,00,000, లాభం 15,000. అదీ 1,15,000. రెండు వైపులా సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో తప్పు చేసినట్టు.

వెనిస్ వర్తకులు ఇలాగే లెక్కలు రాసుకునేవాళ్లు. లూకా పాచియోలీ అనే గణిత గురువు, ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాసే ఆ జంటపద్దు విధానాన్ని తన గణిత గ్రంథంలో చేర్చి 1494లో అచ్చు వేయించాడు. ఇవాళ మీ ఆసుపత్రి కంప్యూటర్లో నడుస్తున్నదీ అదే.

#4 వర్క్‌షాపు

జమాఖర్చు గారి ఉదాహరణ చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అది నా కథే.

నేనూ నా భాగస్వామీ కలిసి చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టాం. రెండో ఏడాది పెద్ద ఆర్డరు వచ్చింది, తొంభై రోజుల అరువు మీద. ఎగిరి గంతేశాం. ఇనుము కొన్నాం, అదనంగా మనుషుల్ని పెట్టుకున్నాం. ప్రతి బిల్లు మీదా లాభం కనిపిస్తోంది. మూడో నెల జీతాల రోజు బ్యాంకులో సరిపడా డబ్బు లేదు. నాతో పనిచేస్తున్న వెల్డరు ఏమీ అనకుండా నిలబడ్డాడు. ఆ నిలబడడం ఇప్పటికీ మరిచిపోలేను. ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చి జీతాలిచ్చాం. ఆ ఆర్డరు లాభంలో చాలా భాగం ఆ వడ్డీకే పోయింది.

ఆ తర్వాతే నేను ప్రారంభ ఫైనాన్స్ కోర్సులో చేరాను. వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజువారీ నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు) పాఠం విన్న రోజు ఇంటికొచ్చి పాత బిల్లులు బయటికి తీశాను. ఇనుము తెచ్చిన రోజు నుంచి అమ్మేదాకా సగటున నలభై రోజులు. అమ్మాక డబ్బు రావడానికి తొంభై. ఇనుము వాళ్లకు మేం ఇవ్వాల్సింది ముప్పైకే. అంటే నూరు రోజులు నా జేబులోంచే నడపాలి. ఆర్డరు పెద్దదైనకొద్దీ ఆ గొయ్యి కూడా పెద్దదవుతుంది. ఈ ఒక్క లెక్క ముందే తెలిసుంటే ఆర్డరు వదులుకునేవాణ్ని కాదు, మూడో వంతు అడ్వాన్సు అడిగేవాణ్ని. ఇప్పుడు అడుగుతున్నాను, ఇస్తున్నారు కూడా.

#5 కొత్తపలక

అందరికీ ధన్యవాదాలు. జమాఖర్చు గారి లెక్క రెండుసార్లు చదివి, మూడోసారి కాగితం మీద చేశాను. 1,15,000 రెండు వైపులా వచ్చినప్పుడు ఎంత సంతోషమేసిందో.

ఒక సందేహం. మాది వార్డు, అమ్మకాలు ఉండవు. మా ఎర్ర అంకె సంగతి ఇందులో ఎక్కడ వస్తుంది? గ్లౌజులు, సిరంజీలు, దూది లాంటి వాటికి నెలకు 40,000 అని బడ్జెట్. పోయిన నెల 46,000 అయింది. 6,000 దాటారని ఎరుపు. నేను చెప్పగలిగిందల్లా "రోగులు ఎక్కువ వచ్చారండీ" అని. అది సాకులా వినిపించింది.

#6 నిదానం

అది సాకు కాదు, సమాధానం. అంకెలో పెట్టి చెప్పకపోవడం వల్ల అలా వినిపించింది.

40,000 అని బడ్జెట్ వేసినప్పుడు ఎంతమంది రోగుల్ని అనుకుని వేశారు? పోయిన నెల నిజంగా ఎంతమంది వచ్చారు? ఈ రెండూ కనుక్కుని రాయండి.

#7 కొత్తపలక

రిజిస్టరు చూశాను. బడ్జెట్ కాగితంలో 400 మంది అని ఉంది. వచ్చింది 500 మంది.

#8 నిదానం

ఇక చూడండి. 400 మందికి 40,000 అంటే రోగికి 100. 500 మందికి 50,000 అవ్వాలి. మీరు ఖర్చు పెట్టింది 46,000. అంటే అంతమంది రోగులకు అవ్వాల్సినదానికన్నా 4,000 తక్కువలో గడిపారు. రోగికి 92 పడింది.

పని ఎంత జరిగితే దానికి తగ్గట్టు సవరించిన బడ్జెట్‌ను ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటారు, అసలు ఖర్చును దానితోనే పోల్చాలి. గ్లౌజుల్లాంటి ఖర్చు రోగుల సంఖ్యతో పెరుగుతుంది, అది చర వ్యయం. మీ జీతం, గది నిర్వహణ పెరగవు, అవి స్థిర వ్యయం. స్థిర వ్యయానికి ఈ సవరణ చేయకూడదు. ఇంకొక జాగ్రత్త. 92కి తగ్గింది కదా అని సంబరపడే ముందు, గ్లౌజులు మార్చాల్సిన చోట మార్చారా అని మీరే చూసుకోండి. ఆ సంగతి అంకె చెప్పదు, మీకే తెలుస్తుంది.

ఫేయోల్ చెప్పిన ఐదో పని ఇదే, అదుపు. ఎర్ర అంకె చూసి మనిషిని నిలదీయడం దాని ఉద్దేశం కాదు. ముందు అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా, అదే మీరు విన్న వేరియన్స్, ఎందుకొచ్చిందో కనుక్కోవడం. అందుకే మేనేజ్‌మెంట్ ముందు అన్నాను. కానీ దాన్ని నిరూపించడానికి నాకు జమాఖర్చు గారి పనిముట్టే కావాల్సి వచ్చింది, అది ఒప్పుకుంటున్నాను.

#9 రాత్రిచదువు

ఏది ముందన్నదానికన్నా, మొదలుపెట్టింది పూర్తి చేయడం ఎలా అన్నది పెద్ద ప్రశ్న. నేను ఇలాంటి కోర్సు రెండుసార్లు మధ్యలో వదిలేశాను. మూడోసారి పూర్తి చేశాను.

మొదటిసారి చేరిన సంస్థ పేరు చెప్పను. ముందే ఫీజు మొత్తం కట్టించుకుని, స్లైడులు పంపించి, నెలాఖరుకు బహుళైచ్ఛిక ప్రశ్నలు పెట్టేవాళ్లు. తప్పు జవాబిస్తే "తప్పు" అని వచ్చేది. ఎందుకు తప్పో చెప్పే మనిషి లేడు. ఫైనాన్స్‌లో ఒక మెట్టు అర్థం కాకపోతే పైమెట్లన్నీ జారిపోతాయి. తరుగుదల (డిప్రిసియేషన్) దగ్గర ఆగిపోయాను, అక్కడే వదిలేశాను. నా బుర్ర తక్కువేమో అని మూడేళ్లు అనుకున్నాను. కాదు, దిద్దేవాళ్లు లేకపోవడమే కారణం.

అందుకని చేరే ముందు ఒక ఫోను చేసి అడగండి. నేను చేసిన లెక్క మొత్తం చూసి, ఎక్కడ తప్పిందో రాసి పంపేవాళ్లు ఉన్నారా? లేరంటే సర్టిఫికెట్ ఎంత పెద్దదైనా వద్దు. ఇక్కడ తీసుకున్న క్రెడిట్లు తర్వాత డిప్లొమాలో కలుస్తాయా అన్నదీ అడగండి, కొన్నిచోట్ల కలుస్తాయి. షిఫ్టు వల్ల ఒక వారం తప్పితే గడువు పెంచుతారా అన్నది మీకు ఇంకా ముఖ్యం.

చదివే తీరు గురించి ఒక మాట. పాఠం మళ్లీ మళ్లీ చదవడం మనకు అలవాటు. చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అది చదివాక నా పద్ధతి మార్చేశాను. డ్యూటీ నుంచి వచ్చి ఇరవై నిమిషాలు తెల్ల కాగితం మీద నిన్నటి లెక్క చూడకుండా చేసేవాణ్ని. రానిచోట మాత్రమే పుస్తకం తెరిచేవాణ్ని. వారానికి ఐదు గంటలు అంటున్నారు కదా, ఆదివారం ఒక్కరోజే ఐదు గంటలు కూర్చోకండి. ముక్కలు చేసుకోండి.

#10 గడులు

కాగితం దేనికండీ, నేరుగా స్ప్రెడ్‌షీట్‌లో నేర్చుకుంటే మేలు కదా. ఒక అంకె మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారతాయి. 1979లో విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాము వచ్చినప్పుడు అకౌంటెంట్లు ఎగబడింది అందుకే. ఉద్యోగంలో ఎలాగూ వాడాల్సింది అదే.

#11 జమాఖర్చు

గడులు గారూ, వాడాల్సిందే, కాదనను. రెండో నెల నుంచి. మొదటి నెల మాత్రం కాగితమే.

నా క్లాసులో చూసింది చెబుతాను. తయారుగా ఉన్న షీటు ఇస్తే అంకెలు నింపుతారు, కింద జవాబు వస్తుంది, ఎలా వచ్చిందో తెలియదు. కాగితం మీద చేసినవాడికి 90,000 రాస్తున్నప్పుడే "ఇది నగదు కాదు, బాకీ" అని చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడంలోనే విషయం బుర్రకెక్కుతుంది. చిట్టా (జర్నల్) రాసి, ఆవర్జాలోకి (లెడ్జర్) ఎక్కించి, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) తీసిన మనిషికి సాఫ్ట్‌వేర్ తప్పు చూపించినా అనుమానం వస్తుంది.

కొత్తపలక గారూ, మీకు ఇంకో లెక్క ఇస్తాను. పాత ఉదాహరణే, రెండు మార్పులు. పెట్టుబడి 1,50,000. మొదటి రోజే 48,000 నగదు ఇచ్చి ఒక యంత్రం కొన్నాడు. అది నాలుగేళ్లు పనిచేస్తుంది, చివర్లో ఏమీ రాదు. మిగతావన్నీ పాతవే. నెలాఖరుకు లాభం ఎంత, నగదు ఎంత, పట్టీ సరిపోయిందా?

#12 లోన్ ఫైలు

నేను అప్పు దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగంలో ఉన్నాను. జమాఖర్చు గారి లెక్క జవాబు వచ్చేలోగా, ప్రారంభ కోర్సులో తప్పక నేర్చుకోవాల్సిన ఇంకో అంశం చెబుతాను. డబ్బుకు కాలంతో ఉన్న సంబంధం.

ఏడాది తర్వాత వచ్చే 1,000కి, 10 శాతం లెక్కన, ఇవాళ్టి విలువ 909. రెండేళ్ల తర్వాత వచ్చేదైతే 826. యంత్రం కొనాలా వద్దా, అద్దెకు తీసుకోవాలా అన్న నిర్ణయాలన్నీ దీనిమీదే నిలబడతాయి. నోటి లెక్కకు 72ను వడ్డీ రేటుతో భాగించండి, డబ్బు రెట్టింపవడానికి పట్టే ఏళ్లు సుమారుగా వస్తాయి. 8 శాతమైతే తొమ్మిదేళ్లు, 12 శాతమైతే ఆరేళ్లు. అప్పు కూడా ఇలాగే పెరుగుతుందని గుర్తుంచుకోండి.

మరోటి, ఇది చదువుకున్నవాళ్లూ మోసపోయేది. "ఫ్లాట్ 10 శాతం" అని అప్పు ఇస్తారు. 1,00,000 తీసుకుంటే ఏడాది వడ్డీ 10,000, మొత్తం 1,10,000ను పన్నెండు నెలలు సమంగా కట్టాలి. వినడానికి 10 శాతమే. కానీ ప్రతి నెలా మీరు అసలులో కొంత తీర్చేస్తున్నారు, అయినా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే కట్టినట్టు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఆ అప్పు దాదాపు 18 శాతం పడుతుంది. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లకు ఈ మాట చెప్పినప్పుడు చాలామంది కాసేపు మాట్లాడరు. అప్పటికే ఎక్కడో ఒకచోట సంతకం పెట్టి వచ్చుంటారు.

#13 కొత్తపలక

జమాఖర్చు గారూ, రెండు రాత్రులు కూర్చున్నాను. సరిపోలేదు. నేను చేసింది అలాగే పెడుతున్నాను.

లాభం: పాత 15,000లోంచి యంత్రం 48,000 తీసేశాను. 33,000 నష్టం వచ్చింది.
నగదు: 1,50,000లోంచి 48,000, 80,000, 15,000 పోగా 7,000.
ఆస్తులు: నగదు 7,000, బాకీ 90,000, సరుకు 20,000, యంత్రం 48,000. మొత్తం 1,65,000.
ఎదురుగా: 1,50,000లోంచి నష్టం 33,000 పోగా 1,17,000.

ఒకవైపు 1,65,000, ఇంకోవైపు 1,17,000. ఎక్కడ తప్పిందో ఎంతకీ దొరకలేదు.

#14 జమాఖర్చు

తప్పు ఎక్కడుందో మీ కాగితమే చెబుతోంది. రెండు వైపులకూ తేడా ఎంత? తీసివేసి చూడండి. ఆ అంకె ఇంతకుముందు ఎక్కడైనా కనిపించిందా?

#15 కొత్తపలక

48,000! యంత్రం ఖరీదు! ఖర్చు అని లాభంలోంచి తీసేశాను, మళ్లీ ఆస్తి అని ఇక్కడా రాశాను. రెండు చోట్లా వాడేశాను కదా. అది వచ్చే నాలుగేళ్లు ఉంటుంది కాబట్టి ఖర్చు కాదు, ఆస్తే. లాభం పాత 15,000 ఉంచేస్తే 1,65,000 రెండు వైపులా సరిపోయింది!

#16 జమాఖర్చు

సగం పట్టుకున్నారు, ఆ పట్టుకోవడం నాకు చాలా నచ్చింది. కానీ ఇంకా తప్పుంది. పట్టీ సరిపోయినంత మాత్రాన లెక్క ఒప్పయినట్టు కాదు. ఒకే పొరపాటు రెండు వైపులా సమానంగా జరిగితే అంకెలు చక్కగా కలుస్తాయి.

ఒక నెల వాడాక కూడా యంత్రం కొత్తదాని విలువే చేస్తుందా?

#17 కొత్తపలక

చేయదు. నాలుగేళ్లంటే 48 నెలలు. నెలకు 1,000 అరిగిపోతుంది. అదేనా డిప్రిసియేషన్ అంటే?

అలాగైతే లాభం 14,000. యంత్రం 47,000. నగదు మాత్రం 7,000 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే ఆ 1,000 ఎవరికీ ఇవ్వలేదు. ఆస్తులు 1,64,000. పెట్టుబడి, లాభం కలిపి 1,64,000.

#18 జమాఖర్చు

అదే తరుగుదల. "ఆ 1,000 ఎవరికీ ఇవ్వలేదు" అని మీరే రాశారు. నగదు ఖర్చుకూ, నగదు బయటికి పోని ఖర్చుకూ ఉన్న తేడా ఇదే. చాలామంది పరీక్ష రాసేదాకా ఇది గమనించరు. ఇక ఏ ప్రారంభ కోర్సులోనైనా ధైర్యంగా చేరండి.

#19 రాత్రిచదువు

మూడేళ్లు నేను ఆగిపోయిన మెట్టు ఇదే. నాలుగు పోస్టుల్లో దాటేశారు. దిద్దే మనిషి ఉంటే ఏమవుతుందో ఈ థ్రెడ్‌లోనే కనబడుతోంది.

#20 వర్క్‌షాపు

మేనేజ్‌మెంట్, ఫైనాన్స్ రెండూ ఒకే చోట కలిసే లెక్క ఒకటి నేనూ పెడతాను, వ్యాపారం ఉన్నవాళ్లకు పనికొస్తుంది. వస్తువు ధర 50. ఒక్కోదాని మీద ముడిసరుకు, కూలి 35. నెలకు స్థిర ఖర్చులు 30,000. ఒక్కో వస్తువు మీద మిగిలే 15తో ఆ 30,000 పూడాలి, అంటే 2,000 వస్తువులు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. బ్రేక్ ఈవెన్.

మా కుర్రాడు ఒకడు "పది శాతం డిస్కౌంట్ ఇద్దాం, అమ్మకాలు పెరుగుతాయి" అన్నాడు. ధర 45 అయితే మిగిలేది 10. అప్పుడు 3,000 అమ్మాలి. ధర తగ్గింది పది శాతం, ఊరికే నిలబడడానికి అమ్మకాలు పెరగాల్సింది యాభై శాతం. కాగితం మీద వేసి చూపించాను. వాడు తలూపి, "అయితే డిస్కౌంట్ బదులు తొందరగా డబ్బు కట్టేవాళ్లకు డెలివరీ ముందు ఇద్దాం" అన్నాడు. నాకు తట్టలేదు ఆ ఆలోచన. వాణ్ని కోప్పడి పంపేసి ఉంటే వచ్చేదీ కాదు.

#21 నిదానం

ఆ చివరి వాక్యం నా క్లాసులో చెప్పుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.

#22 కొత్తపలక

ఫైనాన్స్ పరిచయంలో చేరాను. రాత్రిచదువు గారు చెప్పినట్టే ఫోన్ చేసి అడిగాను. పంపిన ప్రతి లెక్కనూ ట్యూటర్ చూసి వారంలోగా రాసి పంపుతారట. గడువు రెండుసార్లు పొడిగిస్తారట. మేనేజ్‌మెంట్ సూత్రాలు దాని తర్వాత.

ఇవాళ బడ్జెట్ మీటింగు అయింది. సగం కాగితం మీద 400, 500, రోగికి 100, రోగికి 92 అని రాసుకుని వెళ్లాను. మా వార్డు వంతు వచ్చినప్పుడు ఆ కాగితం చూసి చదివాను, గొంతు కొంచెం వణికింది. అకౌంట్స్ ఆయన తన షీటు చూసుకుని, "ఇన్‌ఛార్జి గారు చెప్పింది సరైనదే, బడ్జెట్ రోగుల సంఖ్యను బట్టి సవరించలేదు" అన్నారు. మిగతా వార్డులకూ వచ్చే నెల నుంచి అలాగే వేస్తామన్నారు.

నిదానం గారు చూసుకోమన్నదీ మా వార్డు నర్సుల్ని అడిగాను. గ్లౌజులు మార్చాల్సిన చోట మారుస్తున్నారు. కానీ రాత్రి షిఫ్టులో స్టోరు తాళం దొరక్క రెండుసార్లు పక్క వార్డు నుంచి తెచ్చుకున్నారట. అంటే మా 46,000లో ఆ సరుకు ఖరీదు లేదు, పక్క వార్డు ఖాతాలో పడి ఉంటుంది. ఇది ఎలా సరిచేయాలండీ?

#23 జమాఖర్చు

ఎన్ని తెచ్చారో రాత్రి షిఫ్టు వాళ్లను అడిగి, రెండు వార్డుల పేర్లతో ఒక బదిలీ స్లిప్పు రాసి అకౌంట్స్‌కు ఇవ్వండి. వాళ్ల ఖర్చు తగ్గుతుంది, మీది పెరుగుతుంది. మీ 92 కాస్త పైకి వెళ్తుంది, వెళ్లనివ్వండి.

#24 నిదానం

రాత్రి ఇన్‌ఛార్జికి రెండో తాళం కూడా ఇప్పించండి.